చేతి రేడియో, స్పీకర్, టార్చి ఆన్ కావడం లేదా? పవర్ స్విచ్ మరమ్మతుపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా వీధిలో ఎవరింట్లో రేడియో మూగబోయినా, టార్చి వెలగకపోయినా నా బల్ల మీదికి చేరుతుంది. నేను షాపు పెట్టుకున్న మెకానిక్‌ని కాను. సాయంత్రాలు ఊరికే కూర్చోలేక సోల్డరింగ్ ఐరన్ పట్టినవాణ్ణి, చాలాసార్లు వేళ్లు కాల్చుకున్నవాణ్ణి. వచ్చేవాళ్లంతా దాదాపు ఒకే మాటతో వస్తారు: "స్విచ్ పోయిందండీ, మార్చేస్తే సరి." మార్చడం పెద్ద పని కాదు. పోయింది స్విచ్చేనని తేల్చుకోవడమే అసలు పని. అందుకే ఇక్కడి ప్రశ్నల్లో సగం ఐరన్ వేడి చేయకముందువే. సెల్లుతోనో రీఛార్జ్ బ్యాటరీతోనో నడిచే ఎఫ్ఎం రేడియో, బ్లూటూత్ స్పీకర్, టార్చి లాంటి చిన్న వస్తువుల గురించే రాశాను. మిక్సీకో టేబుల్ ఫ్యానుకో ఈ సలహాలు వాడకండి.

నిజంగా స్విచ్చే పోయిందని ఎలా తెలుస్తుంది?

ముందు సెల్లు చూడండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపి వేస్తే పాతది కొత్తదాన్ని కూడా పనిచేయనివ్వదు. తర్వాత సెల్లు ఆనే స్ప్రింగు, రేకు. అక్కడ పచ్చగా చిలుమో, తెల్లగా ఉప్పులాంటి పొడో కనిపిస్తే సగం కథ తెలిసినట్టే. ఆ తర్వాత స్ప్రింగు నుంచి బోర్డుకు వెళ్లే ఎర్ర, నల్ల వైర్లు. పైన తొడుగు నిక్షేపంగా ఉంటుంది, సోల్డరింగ్ దగ్గర లోపలి రాగిపోగులు మాత్రం తెగి ఉంటాయి. మెల్లగా లాగితే వైరు చేతిలోకి వచ్చేస్తుంది. రీఛార్జ్ వస్తువైతే ఛార్జింగ్ పెట్టి లైటు వెలుగుతుందేమో చూడండి. ఛార్జే ఎక్కని వస్తువులో స్విచ్‌ని అనుమానించడం అన్యాయం.

ఇవన్నీ బాగుంటే అప్పుడు స్విచ్ వైపు రండి. మీటను ఒక పక్కకు నొక్కి పట్టుకుంటే పలికి, వదిలితే ఆగిపోతోందా? ఆన్‌కీ ఆఫ్‌కీ మధ్య ఎక్కడో ఒకచోట పెడితేనే పనిచేస్తోందా? "టిక్" మనే చప్పుడు పోయి మెత్తగా జారుతోందా? అయితే తప్పు స్విచ్‌దే. బల్ల మీద తడితే మాత్రమే ఒక్క క్షణం బతుకుతోందంటే, స్విచ్ కంటే లూజ్ సోల్డరింగ్ అయ్యే అవకాశమే ఎక్కువ.

మల్టీమీటర్‌తో ఎలా చూడాలి?

సెల్లు తీసేయండి, లేదా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. మీటర్‌ను బీప్ గుర్తు దగ్గర పెట్టి స్విచ్ కాళ్లకు, అంటే బోర్డుకు అతికిన లోహపు పిన్నులకు, ప్రోబులు (మీటర్ తీగల కొనలు) ఆనించండి. ఆన్‌లో బీప్ రావాలి, ఆఫ్‌లో రాకూడదు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, ఇక్కడే పొరబడతారు. చాలా మీటర్లు ముప్ఫై ఓములున్నా బీప్ మంటాయి. బీప్ వచ్చినంత మాత్రాన స్విచ్ మంచిదని కాదు. మీటర్‌ను ఓముల్లోకి తిప్పి చూస్తే, మంచి స్విచ్ ఒక ఓము లోపే చూపాలి. మీటర్ తీగలకే 0.2, 0.3 ఓములు ఉంటాయి కాబట్టి రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి, ఆ అంకె తీసేసుకోండి.

ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకొకటి ఉంది. మా నాన్నగారి చేతి రేడియో పొద్దున వార్తలప్పుడు బాగానే పలికేది, పాటలొచ్చి వాల్యూమ్ పెంచితే గొంతు బొంగురుపోయేది. స్పీకర్ చిరిగిందనుకుని స్పీకర్ మార్చాను. మారలేదు. చివరికి రేడియో మోగుతుండగానే మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి స్విచ్ రెండు కాళ్ల మధ్య చూస్తే 0.6 వోల్టు కనిపించింది. రెండు సెల్లు కలిపి ఇచ్చేదే 3 వోల్టులు. అందులో ఐదో వంతు స్విచ్ దగ్గరే ఆవిరైపోతోంది. లెక్క సులువే: కాంటాక్టులో మురికి పట్టి 10 ఓములు పేరుకుంటే, 60 మిల్లీయాంపుల కరెంటు పోయేటప్పుడు అక్కడ 0.6 వోల్టు పడిపోతుంది. చిన్న వాల్యూమ్‌లో కరెంటు తక్కువ కాబట్టి తేడా తెలియదు. మంచి స్విచ్ మీద ఈ అంకె కొన్ని మిల్లీవోల్టులు దాటదు. అనవసరంగా కొన్న ఆ స్పీకర్ ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది.

మల్టీమీటర్ లేదు. వేరే దారి ఉందా?

ఉంది. స్విచ్ చేసే పనిని ఒక చిన్న వైరు ముక్కతో మీరే చేయండి. నొక్కుడు బటన్ అయితే దాని రెండు కాళ్లను (నాలుగుంటే మూలకు మూల ఎదురుగా ఉన్న రెండింటిని) ట్వీజర్‌తో ఒక్క సెకను కలపండి. స్పీకర్ ఆన్ అయితే బటన్ పోయినట్టే. జారుడు స్విచ్‌కి సాధారణంగా మూడు కాళ్లుంటాయి. మీటను ఆన్‌లో పెట్టి, మధ్య కాలునూ మీట ఉన్న వైపు కాలునూ మాత్రమే కలిపి చూడండి.

రెండు చివరి కాళ్లను మాత్రం ఒకదానితో ఒకటి కలపకండి. కొన్ని బోర్డుల్లో ఒక చివర బ్యాటరీ, ఇంకో చివర గ్రౌండు (బ్యాటరీ మైనస్ వైపు) ఉంటాయి. కలిపితే బ్యాటరీ షార్ట్ అవుతుంది.

నా వస్తువులో ఏ రకం స్విచ్ ఉందో ఎలా గుర్తుపట్టాలి?

వేలితో పక్కకు జరిపేది జారుడు స్విచ్, షాపులో "స్లైడ్ స్విచ్" అనండి. నొక్కితే టిక్కుమని వెంటనే వెనక్కి వచ్చేది ట్యాక్ట్ స్విచ్. బ్లూటూత్ స్పీకర్లలో ఎక్కువగా ఇదే, లోపల పొడవాటి రబ్బరు బటన్ కింద దాక్కుని ఉంటుంది. ఒకసారి నొక్కితే లోపలే నిలిచి, మళ్లీ నొక్కితే బయటికి వచ్చేది పుష్ లాక్. టార్చి వెనక రబ్బరు టోపీ కింద ఉండేది ఈ జాతే.

పాత పాకెట్ రేడియోల్లో ఇంకో రకం ఉంది. వాల్యూమ్ చక్రం మొదట్లో టిక్ మని తిరుగుతుంది చూడండి, అది స్విచ్, వాల్యూమ్ కలిసిన కంట్రోల్. దానికి ఐదు కాళ్లు: మూడు వాల్యూమ్‌వి, రెండు స్విచ్‌వి. వాల్యూమ్ తిప్పేటప్పుడు బరబర శబ్దం కూడా వస్తుంటే రెండింటికీ మందు ఒకటే. శుభ్రం చేయడం.

వీటిలో ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. జారుడు స్విచ్, పుష్ లాక్ చాలా వస్తువుల్లో మొత్తం కరెంటును మోస్తాయి. ట్యాక్ట్ స్విచ్ లోపలి చిప్‌కి "లేవయ్యా" అని సైగ మాత్రమే చేస్తుంది. అందుకే అది 50 మిల్లీయాంపులకే తయారైనా సరిపోతుంది. టార్చి బల్బు కరెంటును దాని గుండా పంపితే మాత్రం కాలిపోతుంది.

శుభ్రం చేస్తే సరిపోతుందా, మార్చాల్సిందేనా?

ముందు శుభ్రం చేయండి. నా దగ్గరికొచ్చే జారుడు స్విచ్‌లలో చాలా వాటికి ఐరన్ అవసరమే పడదు.

స్విచ్ లోపల ఏముంటుందో ఒకసారి చూస్తే విషయం అర్థమవుతుంది. పాతదాన్నొకదాన్ని రేకు చెవులు వంచి విప్పాను. ప్లాస్టిక్ మీట, దాని కడుపులో చీమంత స్ప్రింగు, కింద చిన్న పల్లకీలా వంగిన రాగి రేకు. ఆ రేకు మూడు కాళ్ల తలల మీద అటూ ఇటూ జారుతుంది, అంతే యంత్రాంగం. కంపెనీలో పూసిన గ్రీజు ఎండి, దుమ్ముతో కలిసి నల్లటి తారులా మారింది. వెండి పూత నల్లబడింది. ఆన్ చేసిన ప్రతిసారీ పుట్టే చిన్న నిప్పురవ్వ కొంత మసి చేరుస్తుంది. అగ్గిపుల్ల చివర దూది చుట్టి తుడిస్తే ఆ నలుపంతా దూదికి అంటుకుంది. స్విచ్ ఆ తర్వాత మళ్లీ మెరిసింది, కానీ స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. అందుకే స్విచ్‌ని విప్పకుండానే శుభ్రం చేయమంటాను.

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే ఐపీఏ, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చిన్న సీసాలో దొరుకుతుంది. లేదా కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. సెల్లు తీసి, మీట పక్కనున్న సందులో రెండు చుక్కలు వేసి, ముప్ఫై సార్లు అటూ ఇటూ ఆడించండి. ఇంకో రెండు చుక్కలు, ఇంకో ముప్ఫై సార్లు. అరగంట ఆరనిచ్చి సెల్లు వేయండి. వాల్యూమ్ చక్రానికీ ఇదే వైద్యం.

కిరోసిన్, పెట్రోలు వద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తాయి. కొబ్బరినూనె వేస్తే ఆ రోజుకి మీట హాయిగా జారుతుంది, నెల తిరిగేసరికి దుమ్ము పట్టి ఇంకా గట్టిపడుతుంది. మా పక్కింటి మామ్మగారు కుట్టుమిషన్ నూనె పోసి తెచ్చిన రేడియోని తుడవడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. "మిషన్‌కి మంచిదైతే దీనికి కాదా నాయనా?" అని ఆవిడ వాదన. ఉప్పుకాగితంతో గీకడం కూడా వద్దు, పైనున్న వెండి పూత లేచిపోతుంది.

సెల్లు కారి పచ్చగా, తెల్లగా పట్టేసింది. అది స్విచ్‌కీ అంటుకుంది. ఏం చేయాలి?

ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చే తెల్లపొడి క్షార గుణం ఉన్నది. దానికి విరుగుడు వంటింట్లోనే ఉంది: నిమ్మరసం లేదా వెనిగర్. ఇయర్ బడ్‌ను ముంచి అద్దితే చిన్నగా బుసబుస పొంగుతుంది. పొంగు ఆగాక నీళ్లలో ముంచి పిండిన బడ్‌తో, ఆ తర్వాత ఐపీఏతో తుడవండి. నిమ్మరసం అక్కడే మిగిలిపోతే అదే మళ్లీ తుప్పు పట్టిస్తుంది. మామూలు చవక సెల్లు కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్న ముద్ద, దానికి వంటసోడా కలిపిన నీళ్లు అద్దాలి. రెండు సందర్భాల్లోనూ ఆ పొడి కళ్లలో పడకుండా చూసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. స్విచ్ కాలు పచ్చబడి సన్నగా అరిగిపోయి ఉంటే ఇక శుభ్రం చేసి లాభం లేదు, మార్చడమే.

డబ్బా ఎలా విప్పాలి? స్క్రూలు కనిపించడం లేదు.

ఉంటాయి, దాక్కుని ఉంటాయి. సెల్లు గూడులో ఒకటి, వెనక స్టిక్కర్ కింద ఒకటి, అడుగున రబ్బరు కాళ్ల కింద నాలుగు. స్టిక్కర్ మీద వేలితో రాస్తే గుంట తగులుతుంది. స్క్రూలన్నీ తీశాక కూడా రాకపోతే చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు పట్టుకుని ఉన్నట్టు. పాత ఏటీఎం కార్డు సందులో దూర్చి మెల్లగా జరుపుకుంటూ వెళ్లండి. స్క్రూ డ్రైవర్ దూర్చి ఎత్తితే మచ్చ పడుతుంది, కొక్కెం విరుగుతుంది.

రెండు ముక్కలూ ఒక్కసారిగా లాగేయకండి. ఒకదానికి స్పీకర్, ఇంకోదానికి బోర్డు ఉంటాయి, మధ్యలో జుట్టంత వైర్లు. తెరిచిన వెంటనే ఫోన్‌తో ఒక ఫోటో. స్క్రూలకు నేను వాడేది పాత ఇడ్లీ రేకు. ఏ దశలో తీసినవి ఆ గుంటలో. వెనక్కి బిగించేటప్పుడు పొడవు స్క్రూని పొట్టి స్క్రూ చోట పెట్టి బిగిస్తే అది బోర్డులోకి దిగబడుతుంది. అనుభవం మీద చెబుతున్నాను.

షాక్ కొడుతుందా? బ్యాటరీ పేలుతుందా?

రెండు మూడు సెల్లు వేసే వస్తువు షాక్ కొట్టదు. కానీ ఇక్కడ రెండు చోట్ల నిజంగానే జాగ్రత్త కావాలి.

ఒకటి, లిథియం బ్యాటరీ. పేరుకి 3.7 వోల్టులే అయినా షార్ట్ చేస్తే వైరు ఎర్రగా కాలుతుంది. ముందు దాని కనెక్టర్ ఊడదీసి, ఆ తర్వాతే ఐరన్ పట్టండి. కనెక్టర్ లేకుండా నేరుగా సోల్డర్ చేసి ఉంటే ఒక్కొక్క వైరునే విప్పి, విప్పినదానికి వెంటనే టేపు చుట్టండి. రెండు వైర్లూ ఒకేసారి కత్తిరిస్తే కట్టరే షార్ట్ చేస్తుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే, తియ్యటి వాసన వస్తుంటే ఆ పని అక్కడే ఆపేయండి. దాన్ని గుచ్చకండి, నొక్కి పెట్టి మూయకండి.

రెండు, వెనక నుంచి రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే చవక రీఛార్జ్ టార్చి, ఎమర్జెన్సీ లైటు. వీటిలో చాలా వాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్‌తో కరెంటు తగ్గించి పంపుతారు. ప్లగ్గులో ఉండగా బోర్డు మొత్తం 230 వోల్టుల మీద ఉన్నట్టే లెక్క. తెరిచి ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ ప్లగ్గులో పెట్టకండి, తీసిన వెంటనే పిన్నులు ముట్టుకోకండి.

లోపలి స్విచ్ బాగానే ఉంది. పైనున్న ప్లాస్టిక్ మీటే విరిగింది. దొరుకుతుందా?

ఆ మోడల్ మీట విడిగా దొరకడం కష్టమే, చేసుకోవాలి. లోపలి స్విచ్ ముక్కు ఇంకా మిగిలి ఉంటే దాని మీద రెండు ముద్దలు కలిపే ఎపాక్సీతో చిన్న మీట మలచండి. గట్టిపడ్డాక ఆకురాయితో నున్నగా చేస్తే చాలు. బటన్ పొట్టిదై లోపలికి అందకపోతే ఇయర్ బడ్ ప్లాస్టిక్ పుల్ల నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క కోసి మధ్యలో పెట్టండి.

సూపర్ గ్లూతో జాగ్రత్త. నీళ్లకంటే చురుగ్గా సందుల్లోకి పాకుతుంది. స్విచ్ లోపలికి ఒక్క చుక్క వెళ్లినా ఇక అది జన్మలో కదలదు. తప్పదనుకుంటే స్విచ్‌కి దూరంగా, విడిగా తీసిన ముక్క మీద వేసి, పైన చిటికెడు వంటసోడా చల్లండి. క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, జారిపోయే భయం ఉండదు.

కొత్త స్విచ్ కొనేటప్పుడు ఏం చెప్పాలి?

మాట కంటే పాత స్విచ్ చూపించడం మేలు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి, చెన్నైలో ఉంటే రిచీ స్ట్రీట్‌కి, బెంగళూరులో ఉంటే ఎస్పీ రోడ్డుకి పాత ముక్క పట్టుకెళ్లండి. కౌంటర్ మీద పెట్టగానే డబ్బాలోంచి తీసిస్తారు. స్విచ్ ఖరీదు టీ ఖర్చు కంటే తక్కువే. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే దానికంటే కొరియర్ ఛార్జీయే ఎక్కువ, అందుకే పది ఇరవై కలిపి అమ్ముతారు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు కొలతలు కావాలి. చిన్న మూడు కాళ్ల జారుడు స్విచ్‌లలో బాగా వాడుకలో ఉన్నది ఎస్ఎస్12డీ00. కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు. పేరు చివర జీ3, జీ4, జీ5 అని ఉంటుంది, అది మీట ఎత్తు మిల్లీమీటర్లలో. ఇదొక్కటి తప్పితే స్విచ్ బోర్డులో కూర్చుంటుంది గానీ మీట డబ్బా బయటికి రాదు. ట్యాక్ట్ స్విచ్‌లలో ఎక్కువగా కనిపించేది 6×6 మిల్లీమీటర్ల నాలుగు కాళ్లది. అందులోనూ ఎత్తులు వేరువేరు: 4.3, 5, 6, 7 ఇలా. స్కేలుతో కాదు, వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత పనిముట్టు) కొలవండి.

పాత స్విచ్‌ని బోర్డు నుంచి ఎలా తీయాలి?

ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఈ మెట్టు దగ్గరే. కొత్తది పెట్టడం పిల్లలు కూడా చేస్తారు.

25 వాట్ల ఐరన్ చాలు. ముక్కు శుభ్రంగా మెరుస్తూ ఉండాలి, నల్లగా ఉంటే వేడి దిగదు. ఇటీవలి బోర్డుల్లో సీసం లేని టంకం వాడతారు, అది 217 డిగ్రీల దాకా కరగదు. మన దగ్గరుండే 60/40 టంకం (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 190 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి పాత అతుకు మీద కొంచెం కొత్త టంకం, కొంచెం ఫ్లక్స్ (టంకం చక్కగా పారి అంటుకునేలా చేసే పేస్టు) వేయండి. రెండూ కలిసి తొందరగా కరుగుతాయి. తీయాల్సిన చోట ఇంకా టంకం వేయమంటాడేమిటని మొదట్లో నాకూ వింతగానే అనిపించింది. తర్వాత రాగి విక్‌ని, అంటే సన్న రాగిపోగులతో అల్లిన పట్టీని, పైన పెట్టి ఐరన్‌తో నొక్కితే టంకమంతా దానిలోకి పీల్చుకుంటుంది. ఒక్కో కాలు మీద మూడు నాలుగు సెకన్లు, మించితే ఆగి చల్లారనివ్వండి.

ఎలాగూ పోయిన స్విచ్చే కదా, నేనైతే దాన్ని ప్రాణాలతో తీయాలని చూడను. చిన్న కట్టర్‌తో పై భాగాన్ని ముక్కలుగా కత్తిరించి, మిగిలిన కాళ్లను ఒక్కొక్కటిగా వేడిచేసి ట్వీజర్‌తో లాగేస్తాను. బోర్డు మీద ఒత్తిడి ఉండదు. షాపుకి చూపించడానికి పాతది కావాలంటే ముందే కొలతలు రాసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. స్విచ్ పై రేకుని బోర్డుకు పట్టి ఉంచే చెవులు ఉంటే అవి వేడిని తాగేస్తాయి, వాటిని చివరికి పెట్టుకోండి.

కొత్త జారుడు స్విచ్ పెట్టేటప్పుడు మధ్య కాలు ముందు అతికి, నిటారుగా ఉందో లేదో చూసి, మిగతావి అతకండి. ఒకే కాలు మీద ఐరన్ పదేపదే ఆనిస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి మీట బిగుసుకుపోతుంది. నా మొదటి మూడు స్విచ్‌లు అలాగే పోయాయి. కిటికీ తెరిచి చేయండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి. టంకంలో సీసం ఉంది.

లాగేటప్పుడు బోర్డు మీద రాగి బిళ్ల ఊడొచ్చింది. బోర్డు పోయినట్టేనా?

పోలేదు. ఆ బిళ్ల నుంచి సన్నటి రాగి గీత ఎటు వెళుతుందో వెలుతురులో పెట్టి చూడండి. గీత మీది ఆకుపచ్చ పూతను బ్లేడుతో రెండు మిల్లీమీటర్లు గీకి, మెరుస్తున్న రాగికి కొద్దిగా టంకం పట్టించండి. పాత ఛార్జర్ వైరులోంచి ఒక్క పోగు తీసి, అక్కడి నుంచి స్విచ్ కాలికి అతికేయండి. చూడ్డానికి బాగోదు. లోపల ఎవరు చూస్తారు?

అదే స్విచ్ దొరకలేదు. వేరే రకం పెట్టొచ్చా? స్విచ్ తీసేసి డైరెక్ట్ చేసేస్తే?

వేరే రకం హాయిగా పెట్టొచ్చు. డబ్బా పక్కన రంధ్రం చేసి చిన్న టాగుల్ స్విచ్‌నో (పుల్లను పైకీ కిందికీ వేసేది) రాకర్ స్విచ్‌నో (ఒక పక్క నొక్కితే రెండో పక్క లేచేది) బిగించి, రెండు వైర్లతో పాత చోటికి కలపండి. మీరు చూసుకోవాల్సింది రెండు సంగతులు. పాతది నొక్కి వదిలే రకమైతే కొత్తదీ నొక్కి వదిలేదే కావాలి. నొక్కితే నిలిచిపోయేది పెడితే చిప్ దాన్ని ఎవరో బటన్ వదలకుండా నొక్కినట్టు అనుకుని ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది. రెండోది, కరెంటు మోసే స్విచ్ అయితే దాని శక్తి చూడాలి. 3 వాట్ల ఎల్ఈడీ టార్చికి ముప్పావు యాంపు దాకా పోతుంది. చీమంత జారుడు స్విచ్ ఎన్నో రోజులు నిలవదు.

డైరెక్ట్ చేయడం గురించి. షాపుల్లో తొందరకి ఇదే చేసి పంపిస్తుంటారు. సెల్లు వేసే రేడియో అయితే సెల్లు తీయడమే ఆఫ్ అనుకుని వాడుకోవచ్చు, ఇబ్బందే గానీ ప్రమాదం లేదు. లిథియం బ్యాటరీ వస్తువుని మాత్రం డైరెక్ట్ చేయకండి. వాడకపోయినా కొంచెం కొంచెంగా కరెంటు లాగుతూనే ఉంటుంది. అడుగంటిపోయిన లిథియం బ్యాటరీ మళ్లీ సరిగా ఛార్జ్ ఎక్కదు.

ఫోన్ పవర్ బటన్ కూడా ఇలాగే బాగుచేసుకోవచ్చా?

నేను ముట్టుకోను. అక్కడ బటన్ పల్చటి ఫ్లెక్స్ పట్టీ మీద ఉంటుంది, పట్టీ మొత్తం మార్చాలి. వెనక అద్దం జిగురుతో అతికి ఉంటుంది. తెరిచాక నీళ్లు తట్టుకునే గుణం మునుపటిలా ఉండదు. అది రోజూ ఆ పనే చేసేవాళ్లకు వదిలేయండి. ఈలోగా ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ మెనూ, ఐఫోన్‌లో అసిస్టివ్ టచ్ ఆన్ చేసుకుంటే తెర మీద నుంచే లాక్ చేయొచ్చు. పూర్తిగా ఆఫ్ కానివ్వకండి. ఐఫోన్ ఛార్జర్ పెడితే లేస్తుంది గానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ బొమ్మ చూపించి ఊరుకుంటాయి.

వారంటీలో ఉంది. నేనే విప్పొచ్చా?

విప్పకండి, ముందు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. వారంటీలో ఉన్నా వాళ్లు బాగుచేసేది లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది. అందులో కంపెనీల వారీగా సర్వీస్, విడిభాగాల వివరాలు ఉంటాయి.

ఎంత చేసినా బాగుకాలేదు. చెత్తబుట్టలో వేయొచ్చా?

వద్దు, ముఖ్యంగా బ్యాటరీతో. చెత్తబండిలో నలిగితే లిథియం బ్యాటరీ అంటుకుంటుంది. బ్యాటరీ కొనలకు టేపు వేసి విడిగా ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది. ఇచ్చేముందు మంచి స్పీకర్, స్క్రూలు, స్ప్రింగులు ఊడదీసి దాచుకోండి. మా ఇంట్లో దీనిమీద అభిప్రాయభేదాలున్నాయి.

మార్చాను, పనిచేస్తోంది. కానీ ఆఫ్‌లో పెడితే పలుకుతోంది, ఆన్‌లో పెడితే ఆగుతోంది!

బోర్డు మీదే అతికే స్విచ్‌తో ఇలా జరగదు, మూడు కాళ్ల జారుడు స్విచ్‌ని ఎటు తిప్పి పెట్టినా ఒకటే. వైర్లతో కలిపినప్పుడే వస్తుంది ఈ చిక్కు. జారుడు స్విచ్‌లో మీట ఎటుంటే అటువైపు కాలు కలుస్తుంది. టాగుల్‌లో పుల్ల పైకి ఉంటే కింది కాలు కలుస్తుంది, లోపల తూగుడుబల్లలా ఉంటుంది కాబట్టి. చివరి కాలికి ఉన్న వైరుని విప్పి రెండో చివరికి అతికితే సరిపోతుంది.

ట్యాక్ట్ స్విచ్ పెట్టాక వస్తువు దానంతటదే ఆన్, ఆఫ్ అవుతోందంటే దాన్ని అడ్డం తిప్పి బలవంతంగా దూర్చారన్నమాట. నాలుగు కాళ్లలో రెండేసి లోపలే కలిసి ఉంటాయి. అడ్డం పడితే ఎప్పుడూ నొక్కి పట్టినట్టే.

నాన్నగారి రేడియోకి నేను చివరికి టాగుల్ బిగించాను, తలకిందులుగా. మార్చి ఇస్తానంటే "వద్దులేరా, అలవాటైపోయింది" అన్నారు. ఆయన దగ్గర ఇప్పటికీ కిందికి నొక్కితేనే వార్తలొస్తాయి.